జయకేతుడు చూసిన శకునాలు

గంధవతీ నగరానికి పగవాడికి కూడా రాకూడని కష్టం వచ్చింది. ఒక మాంత్రికుడి శాపం తగిలి, మనుషులు పాదాల దగ్గర నుంచి కొద్దికొద్దిగా రాయి కాసాగారు. మహారాణి రత్నమాలాదేవికీ పాదాలు బిగుసుకుపోయాయి. కొండల అవతల రాక్షసుడి గుహలో పెరిగే వెన్నెలతీగ పసరు పూస్తే శాపం విరుగుతుంది. అయితే గుండె కొట్టుకుంటున్నంతవరకే ఆ మందు ప్రాణం కాపాడుతుంది. రాజు ఏనాడో పోయాడు. వెళ్లవలసినవాడు రాణి ఒక్కగానొక్క కొడుకు జయకేతుడే.

వెళ్లాడా? గుర్రమెక్కాడు, పిల్లి ఎదురైందని దిగాడు. మర్నాడు ఎవరో తుమ్మారు. ఆ తరువాత మూఢం వచ్చింది. మూఢం పోయాక కత్తికి పదును చాలలేదట! ఆడలేక మద్దెల ఓడు అన్నట్లు వంకల మీద వంకలు. సోమరి అనుకునేరు పిల్లలూ, కానే కాదు. అతనికి తల్లంటే ప్రాణం. తాను వెళ్లి ఓడిపోతే ఇక అమ్మకు దిక్కెవరన్న భయం. బయలుదేరనంతకాలం ఓడిపోనట్లే అనిపించేది పాపం.

రాయి నడుము దాటిందని దాది పోలమ్మ వచ్చి ఏడ్చిన రోజున, ఏ శకునమూ చూడకుండా బయలుదేరాడు. ముళ్ల అడవిలో ఒళ్లంతా చీరుకుపోయింది. సుడులు తిరిగే ఏరు గుర్రంతో సహా మింగబోయింది. కొండదారిలో కొండచిలువ కాళ్లకు చుట్టుకుంటే కత్తితో నరికి బయటపడ్డాడు. అన్నీ కష్టాలే. కాని ఏదీ అతను ఇంట్లో కూర్చుని ఊహించుకున్నంత కష్టం కాదు.

గుహ ముందు ముసలి రాక్షసుడు కూర్చుని ఉన్నాడు. చూపు లేదు, నోట్లో పళ్లు లేవు. జయకేతుడు కత్తి దూశాడు.

"కోసుకుపో నాయనా, అడ్డుపడే ఓపిక నాకెక్కడిది?" అన్నాడు రాక్షసుడు. "ఈ తీగ కోసం ఒక్కడూ రాడేమిటా అని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను."

జయకేతుడు కత్తి ఒరలో పెట్టాడు. తీగ కోసుకుని గుర్రాన్ని దౌడు తీయించాడు.

కోట గుమ్మంలోనే పోలమ్మ ఎదురైంది. ఆమె ముఖం చూడగానే అతనికి అర్థమైంది. అయినా పరుగెత్తి, తల్లి ఒళ్లంతా పసరు పూశాడు. రాయి కరిగింది, ఒళ్లు మెత్తబడింది. కళ్లు మాత్రం తెరుచుకోలేదు. ముందురోజు సాయంకాలమే గుండె ఆగిపోయింది.

"చివరగా అమ్మ ఏమన్నది?" అని అడిగాడు.

"'వాడు భయపడ్డాడే పోలీ, అంతే. ఆలస్యమైందని ఎవరూ వాణ్ణి ఒక్క మాట అనకండి' అన్నారు బాబూ."

ఎవరూ అనలేదు. మిగిలిన పసరుతో నగరమంతా లేచి నడిచింది. వీధుల్లో బాజాలు మోగాయి, జనం కొత్త రాజును పల్లకిలో ఊరేగించారు. జయకేతుడు చాలాకాలం చల్లగా పరిపాలించాడు. ఎవరైనా తనను ఒక్క మాట అని ఉంటే బాగుండునని మాత్రం బతికినంతకాలం అనుకున్నాడు.