చెదరని బొట్టు

లింగమూర్తి డిటెక్టివ్ ఆఫీసు మాదాపూర్‌లో, జిరాక్స్ షాపు పైన. ఆ ఉదయం మెట్లెక్కి వచ్చిన రోహిణి కూర్చోమన్నా కూర్చోలేదు. చంకలో పిల్ల లేకపోయినా ఒక పక్కకు ఒరిగే నిలబడింది. అసిస్టెంటు ఉమాశ్రీ అది చూసి కళ్లు దించుకుంది.

"మాది ఖాజాగూడ సార్. నా బిడ్డ లావణ్య పోయి పదకొండు రోజులైంది. నాలుగేండ్లు. జ్వరమొస్తే పెద్ద దవాఖానకు తీస్కపోయిన. సూదిచ్చిన్రు. గా సూది దానికి పడదు. చిట్టీ రాసేకాడ చెప్పిన. చెప్పలేదంటున్రు."

"మీ ఆయన ఏమంటాడు?"

"నువ్వే మర్సినవ్ అంటడు. నా చేతి బువ్వ తింటలేడు. ఇప్పుడు నాకే పరేషానైతుంది, చెప్పిననా, చెప్పాలె అనుకున్ననా అని. జర గది తేల్చున్రి సార్. ఇంకేం వద్దు."

ఆసుపత్రి హైటెక్ సిటీ అద్దాల మేడకు దగ్గర్లోనే ఉంది. పెద్ద డాక్టరు కామేశ్వరరావు మర్యాదగానే మాట్లాడాడు.

"తల్లి చెప్పుంటే కంప్యూటర్లో ఉండేదండి. కింద చీటీ దగ్గర అమ్మాయి కొట్టింది పైన వార్డులో కనబడుతుంది. ఈ చుట్టుపక్కల అలాంటిది మాకే ఉంది."

వార్డు నర్సు పద్మావతి తలెత్తలేదు. "సూది వేసేముందు చూశానండి. ఏమీ లేదు."

"రోజూ వాడతారా?"

"పొద్దున ఆన్ చేస్తాం, రాత్రికి ఆపేస్తామండి."

లింగమూర్తి కంప్యూటరు మీది లేసు గుడ్డ ఎత్తాడు. తెరకీ, మీటలకీ, స్విచ్చికీ గంధం, కుంకుమ బొట్లు.

"పూజ ఎప్పుడు చేశారు?"

"దసరాకండి. డాక్టరుగారే స్వయంగా."

గుడ్డ మళ్లీ కప్పేశాడు. అప్పటికి శివరాత్రి దగ్గర పడింది. పిల్ల చనిపోతే పూజ గురించి అడుగుతాడేమిటని ఉమాశ్రీకి అర్థం కాలేదు. కానీ ఆయన ఊరికే అడగడని ఆమెకు తెలుసు.

మర్నాడు అదే వార్డుకు డాక్టర్నీ, నర్సునీ, రోహిణినీ, ఆమె భర్త నర్సింహనీ పిలిపించాడు.

"రోజూ నొక్కే స్విచ్చి మీద దసరా బొట్టు చెదరకుండా ఎలా ఉంది, పద్మావతిగారూ?"

ఆమె లేసు గుడ్డ తీసి మడిచింది. మెల్లగా అంది. "దసరాకు ముందు, దీన్ని పెట్టిన కొత్తలో ఒకసారి చూశానండి. సార్ రోగుల ముందే, 'నేనా డాక్టర్ని, ఆ పెట్టా? అంత నమ్మకముంటే దాంతోనే వైద్యం చేయించుకో' అన్నారు. వార్డంతా నవ్వింది. ఆ తర్వాత ఎవరమూ ముట్టలేదు. చూశానని అబద్ధం చెప్పాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను."

"సూది వేసింది ఈమె చెయ్యి," అన్నాడు లింగమూర్తి. "ఆ పెట్టె నోరు మూసింది మీ మాట, డాక్టరుగారూ. ఆ తర్వాత పూజ చేసి బొట్టయితే పెట్టారు. కానీ మీరే వెక్కిరించాక ఇంకెవరు ముట్టుకుంటారు?"

"ముప్పై ఏళ్ల అనుభవం నాది," అన్నాడు కామేశ్వరరావు.

పద్మావతి స్విచ్చి నొక్కింది. వేలికి కుంకుమ అంటింది. తెర నెమ్మదిగా వెలిగాక పిల్ల పేరు వెతికి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పింది.

"పెన్సిలిన్ పడదు. తల్లి చెప్పింది." ఆమె ఇంకాస్త కిందికి చూసింది. "కింద ఇంకో ముక్క ఉంది. తల్లి మళ్లీ వచ్చి చెప్పింది."

నర్సింహ దగ్గరికొచ్చి రోహిణి చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె చూడలేదు. తాను చదవలేని ఆ తెరనే చూస్తోంది.

"సూదిచ్చేటప్పుడు మూడోసారి చెప్పాల్సుండె," అంది. "రాసుకున్నరు గదా అని ఊకున్న సార్."