మునీరా పిట్టల భాష

దాదీ పెంచుకునే కోడిని బుట్టలో పెట్టుకుని మునీరా సిద్దిపేట పశువుల దవాఖానకు వెళ్లింది. కొత్తగా వచ్చిన డాక్టర్ తౌసీఫ్ కోడి రెక్క చూస్తూ చూస్తూ ఆమెనూ చూశాడు.

"ఏం చదువుతున్నరు?"

"హైదరాబాద్‌ల పీహెచ్‌డీ. పాత ఇరాన్ భాషలల్ల పిట్టల పేర్లు ఎట్ల పుట్టినయో గది నా సబ్జెక్ట్."

తౌసీఫ్ ఫక్కున నవ్వాడు. "పేర్లకే పీహెచ్‌డీనా? సూదులిచ్చెటోన్ని, నాకు రెండియ్యాలె!"

మునీరా చెవులు వేడెక్కాయి. "రోజు ముర్గీ, ముర్గీ అంటరు గద, ఏడికెల్లి వచ్చిందో ఎర్కేనా? పాత ఇరాన్ అవెస్తా భాషల మెరెఘ అంటే పిట్ట. సంస్కృతంల మృగం దాని తోబుట్టువు. ఇగ నవ్వుడు అయితే నా కోడిని ఇయ్యున్రి!"

మందు సీసా మరిచిపోయి విసవిసా వెళ్లిపోయింది.

సాయంత్రం జోరువానలో ఆ సీసా పట్టుకుని తౌసీఫ్ మునీరా ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. బట్టల దుకాణం మూసి అప్పుడే వచ్చిన ఆమె తండ్రి ముక్తార్ తువ్వాలు అందించి కూర్చోబెట్టాడు.

"మా బిడ్డ కంప్యూటర్ కోర్సు చేస్తది, డాక్టర్ సాబ్."

మునీరా తల వంచుకుంది. అబ్బా అందరికీ అట్లానే చెబుతాడు. పిట్టల పేర్లంటే నవ్వుతారని ఆయన భయం.

"కంప్యూటర్ కాదు సాబ్," అన్నాడు తౌసీఫ్. "తెల్వక పొద్దుగాల నేను నవ్విన. మాఫ్ చెయ్యున్రి." ఆమె వైపు తిరిగాడు. "డేగను ఏమంటరు?"

మునీరా తలెత్తింది. "సఎన. మన శ్యేనమే. సఎన, మెరెఘ కలిసి సీముర్గ్ అయింది."

"సీముర్గ్?" ముక్తార్ ముందుకు వంగాడు. "మా అమ్మీ నన్ను పండవెట్టుకుంట చెప్పిన కథల పిట్ట! గంత పాత మాటనా బేటీ?"

"వేల ఏండ్లది, అబ్బా."

ఆయన తన కుర్చీని కూతురి పక్కకు జరుపుకున్నాడు.

మర్నాటి నుంచి దుకాణానికొచ్చిన ప్రతివాళ్లకూ చీర మడత విప్పి చూపకముందే చెప్పడం మొదలుపెట్టాడు: "నా బిడ్డ వేల ఏండ్ల కిందటి మాటలు చదువుతది!"

కోడి కోలుకుంది. తౌసీఫ్ మాత్రం వస్తూనే ఉన్నాడు. ఒకరోజు తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వచ్చి, "మీ బిడ్డంటే నాకు పానం," అన్నాడు.

ముక్తార్ మీసం సవరించుకున్నాడు. "ముందు ఆమె చదువు అయిపోవాలె."

"ఆగుత."

"ఏండ్లు పడ్తది," అంది మునీరా.

"పట్టనియ్యి."

ఆమె నవ్వు దాచుకోలేదు. "అబ్బా, శాదీ కార్డు మీద డాక్టర్ మునీరా అని రాయించాలె."

"పెద్దక్షరాలల్ల!" అన్నాడు ముక్తార్, వీధంతా వినబడేలా.