దుమ్ము వెనకాల చుక్కలు

జంగమకోటెలో వెంకటేశప్ప ఇంట్లో పొద్దున్నే పట్టుపురుగులకు ఆకు తరుగుతున్నారు. వేరే రోజైతే ఆయన తోటలో ఉండేవాడు. ఈ రోజు తెల్లచొక్కా తొడుక్కుని, అన్న కూతురు మంజుశ్రీ కోసం వాకిట్లో పచార్లు చేస్తున్నాడు. మంజుశ్రీ కోసం ఆయన ఎదురుచూడడం! కాలం ఎంత పని చేస్తుందో చూడండి.

మంజుశ్రీ బెంగళూరులో ఖగోళ శాస్త్రవేత్త. కంటికి కనబడని వేడి కిరణాలను చూసే టెలిస్కోపును అంతరిక్షంలోకి ఎందుకు పంపాలో వివరిస్తూ, ఈ 2008లో ఆమె బృందం ఒక నివేదిక రాస్తోంది. వెంకటేశప్ప కూతురు సహన ఎమ్మెస్సీ ముగించి, ఆ బృందంలో చేరాలని కలలు కంటోంది. మంజుశ్రీ ఊ అంటే చేరినట్టే.

ఆమె వచ్చింది ఊ అనడానికి కాదు, కసి తీర్చుకోవడానికి.

చాలా ఏళ్ళ కిందట, తండ్రి పోయిన కొన్నాళ్ళకు మంజుశ్రీ ఎమ్మెస్సీ చదువుతానంది. ఇంటి పెద్దయిన వెంకటేశప్ప ఆమెను ఈ ఇంటి పడసాలలోనే బంధువుల ముందు నిలబెట్టాడు. "చుక్కల చదువు యాటికి, ఎందుకు పనికొస్తాది? మాకు అర్థమయ్యేటట్ల చెప్పు, పంపిస్తా" అన్నాడు. భయంతో ఆమెకు నోరు పెగల్లేదు. "అర్థమైంటే కదా చెప్పేకి!" అని ఆయన నవ్వితే అందరూ నవ్వారు. తర్వాతెప్పుడో మేనమామ తీసుకుపోయి చదివించాడు గానీ, ఆ నవ్వు మాత్రం ఆమె చెవుల్లోంచి పోలేదు.

చిన్నమ్మ ఇచ్చిన కాఫీ ముట్టుకోకుండానే అంది మంజుశ్రీ.

"గురప్ప తాతను, బైరప్ప మామను పిలిపించు చిన్నాయనా."

"ఎందుకమ్మా?"

"ఆ పొద్దు వాళ్ళ ముందరే కదా నన్ను నిలబెట్టింది? ఈ పొద్దు నువ్వు నిలబడు. ఆ టెలిస్కోపు యాటికో చెప్పు. చెప్తేనే సహనను తీసుకుంటా."

ఆయన ముఖం మాడిపోయింది. అయినా పిలిపించాడు. అందరూ కూర్చున్నాక లేచి నిలబడి, "నాకేం తెలుస్తాదమ్మా" అన్నాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అన్నారా! మంజుశ్రీకి కడుపు నిండినట్టయింది.

అంతలో సహన ముందుకొచ్చింది.

"నేను చెప్తానక్కా. చుక్కలు పుట్టేది దుమ్ము మేఘాల లోపల. మామూలు టెలిస్కోపుకు ఆ దుమ్ము అడ్డం. కానీ దుమ్ము వెచ్చబడి కిరణాలు ఇడుస్తాది. మన గాలిలో ఉండే నీటి ఆవిరి వాటిని నేలకు రానీదు. అందుకే గాలి దాటి పైకి పోయి చూడాల."

గురప్ప మెచ్చుకోలుగా తల ఊపాడు. మంజుశ్రీకి అది నచ్చలేదు.

"సరే, ఆ టెలిస్కోపు అద్దాన్ని అంత చల్లగా యాటికి పెట్టాల?"

సహనకు తెలిసిన జవాబే. ఇంతమంది ముందు అక్క గద్దించినట్టు అడిగేసరికి బెదిరిపోయింది. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ తల దించుకుంది.

"అర్థమైంటే కదా చెప్పేకి!" అంది మంజుశ్రీ.

బైరప్ప కిసుక్కున నవ్వాడు. సహన కళ్ళలోంచి నీళ్ళు జారాయి.

మంజుశ్రీ ఉలిక్కిపడింది. ఈ పిల్ల ఏం పాపం చేసింది? చిన్నాయన మీద పగ తీర్చుకోవడానికి వచ్చి, తానే చిన్నాయన అయి కూర్చుంది.

వెంకటేశప్ప గబగబా వచ్చి కూతురికి అడ్డంగా నిలబడ్డాడు.

"నవ్వద్దు బైరప్పా. మంజమ్మా, నన్ను ఏమన్నా అను, పడతా. బిడ్డను ఇడిచిపెట్టు. ఆ పొద్దు నీకు ఇట్ల అడ్డం నిలబడేకి నాయన లేడు. అది తెలిసే నేను నవ్వినా. తప్పు నాదే."

మంజుశ్రీ లేచి సహన చెయ్యి పట్టుకుంది.

"నాదీ తప్పేనే. నాతోనే బెంగళూరికి బయల్దేరు" అంది. తర్వాత పెద్దల వైపు తిరిగి, "సహనకు తెలుసు. అద్దం వేడిగా ఉంటే దాని వేడే దానికి కనబడతాది. ఎదురుగా ఏముండాదో..." అంటుండగానే ఇన్నేళ్ళు రాని ఏడుపు ఒక్కసారిగా ముంచుకొచ్చింది.

వెంకటేశప్ప ఆమె ఏడుపు తగ్గేదాకా ఆగాడు. ఆ తర్వాత ఆమె ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు.

"మొదట్నుంచి చెప్పు తల్లీ. ఆ పొద్దు నేను వినేకే కూర్చోలేదు."