యంత్రానికి రాని తప్పు

నీటి పంపులు బాగుచేసే రజబ్ డిటెక్టివ్ ఇనాయత్ ఇంటి మెట్లెక్కేసరికి అతని చేతిలో మిగిలింది తండ్రి వదిలిపోయిన షాపు, దాన్ని బావ పేరిట రాసిన కాగితం, సాయంత్రపు అసర్ నమాజు దాకా ప్రాణం. కాగితం మీద సంతకం మాత్రం ఇంకా పడలేదు.

"అమ్మా, నలభై రోజుల కిందట మట్టిచేసిన మా నాన్న నాకు ఫోన్ చేస్తున్నాడు," అన్నాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

అతని షాపులో ఫోనెత్తేది మనిషి కాదు. ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని మార్చుకోగల సాఫ్ట్‌వేర్‌ను వజీహ్ అనే ఇంజనీరు ఒక పాత కంప్యూటర్లో ఎక్కించాడు. రజబ్ తండ్రి హాజ్ ముతవల్లీ చేత మాటలు విడివిడిగా చదివించి దాచాడు. పంపు రిపేరుకిచ్చినవాళ్లు ఫోన్ చేస్తే యంత్రం ఆ ముక్కలు అతికించి, "మీ వంతు... మూడు... రోజులు" అంటుంది.

ఇప్పుడు అదే గొంతు రోజూ అసర్ వేళ, నంబరు కనబడకుండా, రజబ్ సొంత ఫోన్‌కు వస్తోంది. మొదట "మీ వంతు మూడు రోజులు". మర్నాడు "మీ వంతు యోమేన్", అంటే రెండు రోజులు. నిన్న "మీ వంతు రేపు".

అతను రికార్డు చేసినవాటిని ఇనాయత్ మూడుసార్లు వింది. ముప్ఫై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో గొంతులు విన్న చెవులవి. పక్కనే ఉన్న సహాయకుడు షఫీక్ ఫోన్‌కు కాస్త దూరం జరిగాడు.

"వెనకాల కూసే ఆ కోడి ఎవరిది?" అందామె.

"సాయంత్రం పూట కోడేంటమ్మా?" అన్నాడు రజబ్.

ముగ్గురూ షాపుకు వెళ్లేసరికి వజీహ్, రజబ్ అక్క సబాహ్, ఆమె భర్త ఫిక్రీ అక్కడే ఉన్నారు. షఫీక్ అనుమానమంతా వజీహ్ మీదే.

"హాజ్ గొంతు ముక్కలన్నీ నీ దగ్గరేగా, ఇంజనీరుగారూ?" అంది ఇనాయత్.

"నా దగ్గరే. ఉరితాడు కూడా నన్నే కొనుక్కురమ్మనండి!" అన్నాడు వజీహ్. "నా యంత్రానికి మాటలే సరిగా రావమ్మా. రెండు రోజులకు మన అరబీలో యోమేన్ అని ఒక్క మాట అంటాం. ఇది రెండునీ రోజుల్నీ అతికించి 'ఇత్నేన్ అయ్యామ్' అంటుంది. ఊరంతా ఒకటే నవ్వు. ఆ మాట చదివిద్దామనుకునేలోపే హాజ్ వెళ్లిపోయారు."

"నవ్వులాటలా ఇవి?" బావ ఫిక్రీ కసిరాడు. "రజబ్, సంతకం పడేసి ఊరొదిలెయ్యి. ఆ దయ్యం సంగతి నేను చూసుకుంటా. మామగారి గొంతంటే నాకు భయమా? రోజూ తెల్లారగానే నాకు వాయిస్ మెసేజ్ పెట్టేవాడాయన. ఒక్కటీ చెరపలేదు."

మసీదు నుంచి అసర్ పిలుపు మొదలైంది. రజబ్ కలం అందుకున్నాడు. ఇనాయత్ ఆ కాగితం మీద చెయ్యి పెట్టింది.

"వజీహ్, యంత్రం చేత రెండు రోజులు అనిపించు."

"ఇత్నేన్... అయ్యామ్," అంది చచ్చిపోయినవాడి గొంతు. రజబ్ కలం కింద పెట్టాడు.

ఇనాయత్ అతని ఫోన్‌లోది వినిపించింది. "యోమేన్." వెనకాల సన్నగా కోడికూత.

"హాజ్ ఈ యంత్రం కోసం ఎన్నడూ పలకని మాట ఇది. 'మీ వంతు', 'మూడు రోజులు' ఈ షాపుకు ఫోన్ చేసిన ఎవరికైనా దొరుకుతాయి. యోమేన్, రేపు మాత్రం ఆయన తెల్లవారుజామున, కోడి కూస్తుండగా మాట్లాడిన మాటల్లోంచి కోసినవి. ఇత్నేన్ అయ్యామ్ అనడానికి మనవాడెవడికీ నోరు రాదు. యంత్రంలా నటించినవాడు యంత్రం చేసే తప్పు చెయ్యడం మరిచాడు. అంతేనా ఫిక్రీ?"

"భయపెట్టానంతే! చంపానా?" అని అరిచాడు ఫిక్రీ.

"ఫోనిలా ఇవ్వు," అంది అతని భార్య సబాహ్. అతను ఫోను ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె ఒక మెసేజ్ నొక్కింది. కోడి కూసింది. హాజ్ ముతవల్లీ దగ్గాడు.

"ఫిక్రీ, నీ పంపు యోమేన్‌లో ఇస్తా. విప్పింది రజబే. ఆ గాడిద చెయ్యి నా చెయ్యికంటే మంచిదయిందోయ్. వాడికి చెప్పకు, నెత్తికెక్కుతుంది."

రజబ్ నేలమీద కూర్చుని, నవ్వో ఏడుపో తెలియకుండా, మళ్లీ పెట్టమని సైగ చేశాడు.

ఇంటికెళుతూ షఫీక్ లెక్క వేశాడు. రజబ్‌కు బావ దూరమయ్యాడు, షాపు నిలిచింది. తండ్రి బతికుండగా మొహాన ఎన్నడూ అనని ఒక్క మెప్పు, అది నికరంగా మిగిలింది.