‘సరే మరి’ తర్వాత

కంప్యూటర్ మళ్ళీ ఆరిపోయింది.

ఆరిపోయి ఊరుకుందా అంటే అదీ లేదు. దానంతటదే వెలిగింది. లోపల ఫ్యాను బుర్రుమంది. తెర మీద కంపెనీ బొమ్మ వచ్చింది. దాని కింద తెల్ల చుక్కలు గుండ్రంగా తిరిగాయి. తిరిగి తిరిగి, ఇక తెరుచుకుంటుందనగా టప్పున నల్లబడింది. మళ్ళీ ఫ్యాను, మళ్ళీ బొమ్మ, మళ్ళీ చుక్కలు. ఎన్నిసార్లు చూసినా కథ మొదటికే వస్తోంది.

“నాయనమ్మా! ఇది తెరుచుకోవడం లేదు!” అని అరిచింది చుంచు.

చుంచుకు బళ్ళో వేరే పేరు ఉంది. ఇంట్లో మాత్రం దాన్నెవరూ వాడరు. పుట్టినప్పుడు చుంచెలుకంత ఉండేదట, అప్పటినుంచి చుంచే. ఇప్పుడు అయిదో తరగతి. ఎలుకంత లేదు గానీ, ఒక్కచోట నిలవకపోవడంలో మాత్రం ఈ పిల్ల కంటే ఎలుకే నయం.

నాయనమ్మ కిటికీ పక్కన కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో కోటుకు అంచు కుడుతోంది. కళ్ళజోడు పైనుంచి చూసింది.

“తెరుచుకోకపోతే తలుపు కొట్టవే,” అంది.

“జోకులు కాదు నాయనమ్మా! నాలుగింటికి అమ్మ వస్తుంది!”

మిషను చప్పుడు ఆగిపోయింది. ఇది జోకుల వేళ కాదని నాయనమ్మకూ అర్థమైంది.

చుంచు వాళ్ళమ్మ సముద్రం అడుగున కేబుల్ వేసే ఓడలో ఎలక్ట్రీషియన్. ఆ ఓడకు మామూలు ఫోను అందదు. ఓడవాళ్ళు ఇచ్చిన కాలింగ్ ప్రోగ్రాం ఒకటుంది. దాన్ని ఇంటికి ఒక్క కంప్యూటర్‌లోనే పెట్టనిస్తారు. ఆదివారం నాలుగింటికి అందులో గంట మోగుతుంది, అమ్మ తెర మీదికి వస్తుంది. చుంచుకు వారమంటే ఏడు రోజులు కాదు. ఆ గంట, తర్వాత మళ్ళీ ఆ గంట. మధ్యలో ఉన్నదంతా ఎదురుచూడ్డమే.

రేపటినుంచి అదీ ఉండదు. ఓడ నడిసముద్రంలోకి వెళ్ళిపోతోంది. మళ్ళీ అమ్మను చూడాలంటే రెండు నెలలు ఆగాలి.

అందుకే చుంచు పొద్దున్నుంచీ తయారుగా ఉంది. చెప్పించుకోకుండా తల దువ్వుకుంది. అమ్మ వదిలి వెళ్ళిన పాత స్వెటరు తొడుక్కుంది. మొదట్లో ఆ స్వెటరుకు అమ్మ వాసన ఉండేది. నెల తిరిగేసరికి అది బీరువా వాసన అయిపోయింది. అయినా చుంచు దాని అంచు ముక్కు దగ్గర పెట్టుకుని అమ్మ కోసం వెతుకుతూనే ఉంటుంది.

గడియారంలో మూడు దాటింది.

“నాన్నకు ఫోన్ చెయ్యనా?”

“రైలు నడుపుతూ మీ నాన్న ఫోనెత్తుతాడా? మీ పిన్నికి చెయ్యి,” అంది నాయనమ్మ.

పిన్ని అంటే అమ్మ చెల్లెలు. వేరే ఊళ్ళో ఒక ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకుంటుంది. పిన్ని గొంతు అచ్చం అమ్మ గొంతే. ఫోన్‌లో అయితే మరీను. “ఏంటే చుంచమ్మా?” అని వినగానే చుంచుకు ఒక్క క్షణం ఏమీ చెప్పకుండా, ఊరికే ఆ గొంతు వింటూ ఉండిపోవాలనిపించింది.

కానీ గడియారం ఊరుకోదు కదా. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

“కంగారు పడకు,” అంది పిన్ని. “నాకు ఇక్కణ్ణుంచి ఏమీ కనిపించదు. నా కళ్ళూ చేతులూ నువ్వే. ముందు ఒకటి చెప్పు. పోయిన ఆదివారం బాగానే పనిచేసింది కదా? మాట్లాడ్డం అయ్యాక ఎలా ఆపావు? షట్ డౌన్ కొట్టే ఆపావా?”

చుంచు నాయనమ్మ వైపు ఓరగా చూసింది. నాయనమ్మ వింటోంది.

“ఆ... షట్ డౌనే కొట్టా.”

“అప్పుడు తెర మీద ఏమైనా వచ్చిందా?”

“ఏం రాలేదు.”

అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. ఇది చక్కగా అతికింది. పిన్ని నమ్మేసింది. చిక్కంతా అక్కడే మొదలైంది.

“అయితే వైర్లు వదులయ్యాయేమో చూడు.”

చుంచు బల్ల కిందికి దూరి ప్రతి వైరూ గట్టిగా నొక్కింది. గట్టిగానే ఉన్నాయి.

“పెట్టె మీద చెయ్యి పెట్టు. కాలుతోందా?”

“లేదు పిన్నీ. గోరువెచ్చగా ఉందంతే.”

“వెనక చిల్లుల్లో దుమ్ముందా?”

ఉంది. చుంచు ఉఫ్‌మని ఊదింది. దుమ్మంతా లేచి దాని ముక్కులోకే వచ్చింది. తుమ్మింది గానీ, కంప్యూటర్ మాత్రం మారలేదు.

“సరే. గోడ దగ్గర స్విచ్ ఆపి, మళ్ళీ వెయ్యి.”

వేసింది. ఈసారి చుక్కలు చాలాసేపు తిరిగాయి. “ఇంకా తిరుగుతూనే ఉంది పిన్నీ,” అంది.

“అయితే ఇరుక్కుపోయినట్టుంది. ఆపి మళ్ళీ వెయ్యి.”

ఆపింది, వేసింది. మళ్ళీ ఆపింది, మళ్ళీ వేసింది. నోరు తెరిస్తే ఈ చిక్కు ఒక్క మాటతో పోయేది. కానీ తేలు కుట్టిన దొంగ ఎలా అరుస్తాడు?

నాలుగవడానికి ఇంకా కాసేపే ఉంది. అవతల పిన్ని నిట్టూర్చింది.

“నాకూ అంతు చిక్కడం లేదే. నువ్వు చెప్పినదాన్ని బట్టి చూస్తే లోపల డిస్క్ పోయినట్టే ఉంది. అది ఫోన్‌లో అయ్యే పని కాదు. రేపు ఎవరినైనా పిలిపించి చూపించండి.”

“రేపా?”

“ఏం చేస్తాం మరి. పాపం అక్క! ఓడలో కూర్చుని ఎంత ఎదురుచూస్తోందో.”

ఆ మాట అమ్మ గొంతుతోనే వినిపించింది. చుంచుకు కళ్ళు నిండిపోయాయి. రేపు కంప్యూటర్ వెలిగితే ఏం లాభం? అందులో అమ్మ ఉండదు.

“పిన్నీ,” అంది చిన్నగా. “నేను షట్ డౌన్ కొట్టలేదు. గోడ స్విచ్ కట్టేశా.”

“ఏంటీ?”

“కాలితో. స్విచ్ బల్ల కిందే ఉంటుంది కదా. బొటనవేలితో నొక్కేశా.”

“పోయిన ఆదివారమా?”

“ప్రతి ఆదివారమూ.”

నాయనమ్మ కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంది. పిన్ని కోప్పడలేదు. “ఎందుకురా?” అని మాత్రం అడిగింది.

చుంచు స్వెటరు చేతులతో ముఖం తుడుచుకుంది.

“అమ్మ ‘సరే మరి’ అంటుంది కదా, ఆఖర్న...”

ఎవరైనా ‘సరే మరి’ అన్నారంటే ఇక మాటలు అయిపోయినట్టే. తర్వాత వచ్చేది ‘ఉంటాను’. మనవాళ్ళందరూ అంతే, ఉంటాను ఉంటాను అంటూనే ఫోన్ పెట్టేస్తారు. పెద్దవాళ్ళకు అదొక మాట. చుంచుకు మాత్రం అది పెద్ద అబద్ధం.

“ఉంటానంటుంది. ఉండదు కదా పిన్నీ,” అంది చుంచు. “వెళ్ళిపోతుంది. అది నేను చూడలేను. అందుకే అమ్మ ‘సరే మరి’ అనగానే నేనే కట్టేస్తా.”

పిన్ని గొంతు సవరించుకుని అడిగింది.

“పోయినసారి కట్టేసేముందు తెర మీద ఏముంది? నిజం చెప్పు.”

“కింద మూల ‘అప్‌డేట్ జరుగుతోంది, ఆపవద్దు’ అని ఉంది.”

“హమ్మయ్య!” అంది పిన్ని.

చుంచు తెల్లబోయింది. “తిట్టవా?”

“తిట్లకు తర్వాత బోలెడంత టైముంది. చుంచూ, డిస్క్ పోలేదే! అప్‌డేట్ సగంలో తెగిపోయింది. అది తనను తాను బాగుచేసుకోవాలని చూస్తోంది. నేనేమో నీ చేత ఆపించి, ఆపించి, దాన్ని లేవనివ్వలేదు.”

“అంటే ముడి వెయ్యకుండా దారం తెంపేసిందన్నమాట,” అంది నాయనమ్మ.

“అంతే అత్తయ్యగారూ! కుట్టంతా ఊడిపోయింది. చుంచూ, ఇప్పుడు స్విచ్ వెయ్యి. వేశాక ముట్టుకోకు. తిరగనీ, ఆరనీ, మళ్ళీ వెలగనీ, నువ్వు మాత్రం చెయ్యి పెట్టకు. కాలు అసలే పెట్టకు.”

చుంచు స్విచ్ వేసి, కుర్చీలో కాళ్ళు మడిచి బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

చుక్కలు తిరిగాయి. ఆరిపోయింది. వెలిగింది. మళ్ళీ చుక్కలు. ఉన్నట్టుండి తెరంతా నీలంగా మారి, ఏవో మాటలు వచ్చాయి. చుంచు ఒక్కొక్కటే చదివి వినిపించింది.

“‘స్టార్టప్ రిపేర్’ అని ఉందా? దాన్ని నొక్కు. ఒక్కసారే!”

నొక్కింది. ‘మార్పులను వెనక్కి తీసుకుంటున్నాం. కంప్యూటర్‌ను ఆపవద్దు’ అని వచ్చింది. దాని పక్కన, ఎంత శాతం అయిందో చెప్పే ఒక అంకె. ఆ అంకె నత్త కంటే నిదానంగా పెరిగింది. సగం దాకా వచ్చి, అక్కడే ఆగిపోయింది.

గడియారం నాలుగు కొట్టింది.

ఇప్పుడు ఎక్కడో సముద్రం మీద అమ్మ పిలుస్తూ ఉంటుంది. ఇక్కడ గంట మోగదు. అంకె కదలదు. చుంచుకు ప్రాణం కొట్టుకుపోయింది. ఒక్కసారి ఆపి వేస్తే కదులుతుందేమో! కాలు దానంతటదే కిందికి జారింది. చుంచు దాన్ని పట్టుకుని మళ్ళీ పైకి లాక్కుంది.

నాయనమ్మ లేచి వచ్చి పక్కన కూర్చుంది. నిదానమే ప్రధానమని చెబుతుందేమో అనుకుంది చుంచు. నాయనమ్మ ఆ మాటేమీ అనలేదు. సూదీ దారమూ చేతికిచ్చి, “నాకు కనిపించి చావడం లేదు. ఎక్కించిపెట్టు,” అంది.

మొదటిసారి ఎక్కలేదు. రెండోసారీ ఎక్కలేదు. దారం కొస తడిపి, ఊపిరి బిగపట్టి మళ్ళీ ప్రయత్నించింది. దారం సూదిలోకి దూరేసరికి తెర మీద అంకె మారి ఉంది.

ఆ తర్వాత ఆగలేదు. ఆరింది, వెలిగింది, తెరుచుకుంది. రోజూ కనిపించే నీలాకాశం బొమ్మ వచ్చింది. “తెరుచుకుంది పిన్నీ!” అని చుంచు అరిచిన అరుపుకు నాయనమ్మ చెవులు మూసుకుంది. పిన్ని నవ్వుతూ ఫోన్ పెట్టేసింది.

అంతలోనే గంట మోగింది.

“చుంచూ! ఉన్నావా? మూడుసార్లు చేశానే! వరసలో వెనక్కి వెళ్ళి నిలబడి మళ్ళీ వచ్చా. నా వెనక ఇంకా ఇద్దరున్నారు, తొందరగా మాట్లాడుకోవాలి.”

తెర మీద అమ్మ నుదురు కనిపించింది. నుదురూ, కాస్త జుట్టూ, పైన ఓడ కప్పు, అంతే. సముద్రం అడుగున కేబుళ్ళు కలిపే మనిషికి కెమెరా సరిగ్గా పెట్టుకోవడం మాత్రం రాదు. ఎన్నిసార్లు చెప్పినా ఇంతే.

చుంచు బడి గురించి చెప్పాలనుకుంది. పన్ను ఊడిన సందు చూపించాలనుకుంది. కానీ ముందు స్విచ్ సంగతే నోట్లోంచి వచ్చేసింది. బొటనవేలి దగ్గర్నుంచి, ‘సరే మరి’ అంటే భయం మీదుగా, పిన్నితో ఆడిన అబద్ధం దాకా ఏమీ దాచుకోలేదు.

నుదురు ముడతలు పడింది.

“నువ్వా?” అంది అమ్మ. “సిగ్నల్ బాగాలేదని నేను ప్రతి వారం రేడియో ఆయన మీద విరుచుకుపడుతున్నానే! ఆ పెద్దమనిషి పాపం మెట్లెక్కి యాంటెన్నా తుడిచి వస్తున్నాడు!”

చుంచుకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చేసింది.

“తెర నల్లబడ్డాక కూడా కాసేపు మాట్లాడుతూనే ఉండేదాన్ని,” అంది అమ్మ. గొంతు మెత్తబడింది. “నీకు వినిపిస్తోందేమోనని.”

చుంచు ఆ సంగతి ఎప్పుడూ అనుకోలేదు. తను చీకట్లోకి తోసేసింది కంప్యూటర్‌ని ఒక్కదాన్నే కాదు. నోరు తెరిచి పన్ను ఊడిన సందు చూపించింది. అమ్మ అది ఎలా ఊడిందో, ఎక్కడ పెట్టిందో అడిగింది. అలా మాట్లాడుకుంటూ ఉండగానే వెనక ఎవరో తలుపు తట్టారు.

“సరే...” అంది అమ్మ. అని ఆగిపోయింది. రెండో మాట అనడానికి జంకుతోందని చుంచుకు తెలిసింది.

చుంచు పాదాలను రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

“అను అమ్మా. నేను ఉంటాను.”

“సరే మరి,” అంది అమ్మ. “ఉంటాను బంగారం. రెండు నెలలు ఇట్టే తిరిగిపోతాయి.”

కాల్ ఆపే బటన్ కోసం అమ్మ ముందుకు వంగింది. అలా వంగేసరికి ముఖం మొత్తం తెర నిండా వచ్చింది. కనుబొమలు, ముక్కు, ఎండకు కమిలిన బుగ్గలు, తడిగా ఉన్న కళ్ళు, ఆ కళ్ళతోనే నవ్వు. ఇన్ని ఆదివారాలుగా చుంచు దేనికోసం తపించిపోయిందో అదంతా అక్కడ ఉంది. ‘సరే మరి’ తర్వాత ఉంది. అమ్మ అలాగే చూస్తూ ఉండిపోయింది. చుంచు కూడా చూసింది. చూసి, చెయ్యి ఊపింది. అప్పుడు అమ్మ బటన్ నొక్కింది.

బాధగానే ఉంది. అయినా చుంచు లేవలేదు. మౌస్ పట్టుకుని ‘షట్ డౌన్’ కొట్టింది. చుక్కలు తిరగడం మొదలుపెట్టాయి.

“అయిపోయింది కదే, ఇంకా కూర్చున్నావేం? వచ్చి ఏదైనా తిను,” అని వంటింట్లోంచి పిలిచింది నాయనమ్మ.

“ఉండు నాయనమ్మా,” అంది చుంచు. “దీన్ని సాగనంపి వస్తా.”

చుక్కలు ఆగాయి. తెర నల్లబడింది. ఫ్యాను నెమ్మదించి, నెమ్మదించి, చివరికి ఆగింది. అప్పుడు చుంచు కుర్చీ దిగి, వంగి, చేత్తో స్విచ్ కట్టేసింది.