అడుగున పేరు లేని గిన్నె

"మధ్యాహ్నం పన్నెండున్నరకి హాగెన్‌ని చంపుతారు," అన్నాడు గూఢచారి శాఖ చీఫ్ గారెట్. "చంపనివ్వకపోవడం నీ పని."

తన ఏజెంటు మేరియన్ టీగ్ చేతిలో ఒక ఫైలు పెట్టాడు. 'ఎవాన్స్‌విల్ నగర వివరాలు.' ఒహాయో నది ఒడ్డు. జనాభా లక్షా నలభై వేలు. ఫ్రిజ్‌ల కర్మాగారాలు. నదికి, ఊరికి మధ్య వరదగోడ, దానికి ఇనప గేట్లు. వాల్డో హాగెన్ ఫ్రిజ్‌ల ఇంజనీరని ఊరంతా అనుకుంటుంది. అతను గీసేది క్షిపణుల నమూనాలు. అవి చేజిక్కక, శత్రుముఠా గీసేవాణ్ణే తీసెయ్యాలనుకుంది.

"చంపేదెవరు?"

"మగవాడట. పిస్తోలుతో వీధిలో కాపు కాస్తాడట. లెనోర్ చెప్పింది."

లెనోర్ వాన్స్ ముఠాలో ఉంటూ వీళ్లకి వార్తలు చేరవేసే మనిషి. అందగత్తె. ఆమె మాటని గారెట్ ఎప్పుడూ రెండోసారి సరిచూడలేదు.

పదింటికల్లా నది పెరిగింది. గేట్లు మూసేశారు, వంతెన ఆపేశారు. ఊళ్లో ఉన్నవాళ్లు ఊళ్లోనే చిక్కుకున్నారు. ఇసక బస్తాలు మోసి అలసిన తొంభై మంది భోజనానికి చర్చి హాల్లోకి వచ్చారు. వాళ్లలో హాగెన్ ఒకడు. కిటికీలకి బస్తాలు అడ్డుపెట్టారు. వీధిలోకి ఒకటే తలుపు. వంటింటి వెనక మెట్లెక్కితే వరదగోడ, దాని అవతల నది. గారెట్ మనుషులు వీధిలో మగవాళ్ల జేబులు తడుముతున్నారు.

మేరియన్ ఏప్రన్ కట్టుకుని వడ్డించేవాళ్లలో కలిసింది. జేబులో లిప్‌స్టిక్ గొట్టం, అందులో రేడియో. ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న లెనోర్ దగ్గరికొచ్చింది.

"చెర్రీ కేకు ఉందా?"

"మీగడ అయిపోయింది," అంది మేరియన్. సంకేతం సరిపోయింది.

"వాడు ఇంకా వీధిలోనే ఉన్నాడు. నువ్వు బయటికెళ్లి చూడు," అంది లెనోర్ మెల్లగా.

వెళ్లేదే. వంటింటి పెత్తనం చేసే ఇమోజీన్ క్రాట్జ్ వెళ్లనిస్తేగా.

"ఏమ్మా కొత్తమ్మాయ్, ఎక్కడికీ? ఆ గిన్నెలెవరు చూస్తారు, మా ఆయనా? ఒక్కోటీ ఎత్తి అడుగున పేరుందో లేదో చూడు. లేకపోతే రేపు నా పీకల మీదికొస్తుంది."

గిన్నెలు నలభై దాకా ఉన్నాయి. నూడుల్స్, హామ్, బీన్స్, బంగాళాదుంపల సలాడ్. ప్రతిదాని అడుగునా తెల్లటేపు, టేపు మీద ఇంటిపేరు. తిన్నాక ఎవరి గిన్నె వాళ్లింటికి చేరాలి.

హాగెన్ కూర్చున్న బల్ల పక్కన నీలం ఎనామిల్ గిన్నె ఉంది. మేరియన్ ఎత్తింది. చల్లగా ఉంది. బీన్స్ ఇంత బరువుండవు. అడుగున టేపు లేదు.

పేరు రాయలేదంటే, ఈ గిన్నె తిరిగి రావాలని తెచ్చినవాళ్లు అనుకోలేదు.

పన్నెండూ ఇరవయ్యారు. బాంబని అరిస్తే తొంభై మందీ ఆ ఒక్క తలుపు మీద పడతారు.

"దీనికి పేరు లేదండీ," అంది మేరియన్.

"ఎవరే ఈ తలకాయ లేని మనిషి?" ఇమోజీన్ హాలంతా వినపడేలా అరిచింది. "నీలం గిన్నె ఎవరిది?"

తలలన్నీ గిన్నె వైపు తిరిగాయి. ఆకుపచ్చ టోపీ మాత్రం వాచీ మీదికి వంగింది. ఆ వెంటనే తలుపు వైపు నడిచింది.

మేరియన్ గిన్నెని పొట్టకి అదుముకుని వంటింట్లోకి నడిచింది. పరిగెత్తితే అందరూ లేస్తారు. నడుస్తూనే లిప్‌స్టిక్‌లో చెప్పింది. "ఆకుపచ్చ టోపీ. ఆపండి."

తలుపు దగ్గర లెనోర్‌ని ఆపింది గారెట్ మనుషులు కాదు.

"తినకుండా ఎలా పోతావమ్మా?" ఇమోజీన్ అడ్డం నిలబడింది, చేతిలో నిండు పళ్లెంతో. "చూడు, ఎముకల గూడులా ఉన్నావు. కూర్చో."

"నన్ను వెళ్లనివ్వండి!"

"డంప్లింగులు రుచి చూసి వెళ్లు."

పన్నెండూ ఇరవై తొమ్మిది. మెట్లు తడిగా ఉన్నాయి. మేరియన్ ఒకసారి జారింది, మోకాలు చిట్లింది, గిన్నె వదల్లేదు. గోడ మీదికి చేరి రెండు చేతులా విసిరింది. నది గిన్నెని గిరగిరా తిప్పుతూ లాక్కుపోయింది. చాలా దూరంలో బురదనీళ్లు తాటిచెట్టెత్తున లేచాయి. హాల్లో స్పూన్లు గలగలమన్నాయి.

"ఉరుము," అన్నాడు హాగెన్, ఇంకొంచెం హామ్ వేసుకుంటూ.

సంకెళ్లు పడ్డాక లెనోర్ అడిగింది. "ఈ ఊరి ఫైలు నేనూ చదివాను. ప్రతి వీధీ తెలుసు. ఎక్కడ తప్పాను?"

మేరియన్ చెప్పబోయింది. ఈలోగా ఇమోజీన్ రేకు కాగితం కప్పిన పళ్లెం తెచ్చి లెనోర్ చేతుల్లో పెట్టింది.

"జైల్లో తిను తల్లీ. పళ్లెం మాత్రం తిరిగి పంపు. అడుగున నా పేరుంది."