ఒరలో రెండో కత్తి

పెద్దాయన లిఫ్టు ఎక్కగానే రెండంతస్తుల మధ్య ఎర్ర మీట నొక్కి ఆపేశాడు. గోడలకు చెవులుంటాయని ఆయన నమ్మకం. అందుకే డిపార్ట్‌మెంటులో బ్రీఫింగులన్నీ గాల్లో వేలాడుతూనే జరుగుతాయి. ఇరుకు చోటంటే ప్రాణం మీదికొచ్చే మన ఏజెంటు, అందరూ ‘పిన్నీసు’ అని పిలిచేవాడు, కాలరు వదులు చేసుకున్నాడు.

“మీ అక్క ల్యాబ్ మీద ఫారిన్ ముఠా కన్నేసింది.”

“ఆ నల్లరాయి కోసమా సార్?”

“స్ఫటికం అనవోయ్! సూపర్ కండక్టర్‌లో ఎలక్ట్రాన్లు జంటలుగా నడుస్తాయి. ఇనుములాంటి అయస్కాంతం మధ్యలో దూరితే గయ్యాళి అత్తగారిలా ఆ జంటల్ని విడగొట్టేస్తుంది. మీ అక్క స్ఫటికంలో మాత్రం అత్తా, జంటా ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నారు. చలి బాగా ఉండాలంతే.”

“అది వాళ్ళు కొట్టేస్తే?”

“రాయి పోతే మళ్ళీ పెంచుకోవచ్చు. పెంచడం తెలిసిన మనిషిని కూడా మిగల్చకూడదని వాళ్ళ ప్లాను.”

పిన్నీసు చెయ్యి చొక్కాకి గుచ్చిన పిన్నీసు మీదికి పోయింది. అమ్మానాన్నలు లేని ఇంట్లో అతన్ని పెంచి పెద్ద చేసింది అక్కే. చొక్కా గుండీ ఊడినప్పుడల్లా, కుట్టే తీరిక లేక, పిన్నీసు గుచ్చి బడికి తరిమేది. ఆ అలవాటూ పోలేదు, ఆ పేరూ పోలేదు.

“అక్కడ మన మనిషి ఒకావిడ ఉంటుంది. వాళ్ళ మనిషి కూడా ఆవిడే. డబుల్ ఏజెంట్. అసలు ఎటువైపో నాక్కూడా తెలీదు,” అన్నాడు పెద్దాయన. “కోడ్ గుర్తుంచుకో. ‘ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా?’ జవాబు, ‘చలి సరిపోతే ఇముడుతాయి.’”

హీలియం సిలిండర్ల మెకానిక్ వేషంలో అతను మాగ్నెట్ రూములోకి అడుగుపెట్టేసరికి అక్క తలెత్తి చూసింది.

“మీసం పక్కకి జారింది, సరిచేసుకో,” అంది.

గది మధ్యలో నిలువెత్తు పీపా. దాని కడుపులో, ద్రవ హీలియంలో మునిగి, ఆగకుండా కరెంటు తిరిగే కాయిల్. పిన్నీసు గుండెల మీది పిన్నీసు చొక్కాని అటువైపు లాగేస్తోంది.

“ఇనుము తేవద్దని బయట బోర్డు పెట్టించాను కదరా! చదువు రాదా?”

“నువ్వు పెట్టిన పిన్నీసేనే అక్కా.”

అప్పుడే నల్లద్దాలు పెట్టుకున్న ఒకావిడ లోపలికొచ్చింది. ఎర్రటి లిప్‌స్టిక్, ఎత్తు మడమల చెప్పులు. పిన్నీసు గొంతు తగ్గించి కత్తుల సంగతి అడిగాడు. “చలి సరిపోతే ఇముడుతాయి,” అంది ఆవిడ. హమ్మయ్య అనుకునేలోగా ఆవిడ చేతిలో పిస్టల్ అతని నుదుటికి గురిపెట్టి ఉంది.

వెనకాలే గుమ్మంలో ఎర్ర టై కట్టుకున్న మనిషి ప్రత్యక్షమయ్యాడు. వాడి చేతిలోనూ పిస్టలే. తెలివైనవాడు, లోపలికి మాత్రం రాలేదు.

“స్ఫటికం ఉన్న ఇత్తడి డబ్బీ ఇవ్వండి,” అంది ఆవిడ.

అక్క ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. జీవితమంతా పెంచిన స్ఫటికాన్ని కోటు జేబులోంచి తీసి ఇచ్చేసింది. “వాడికంటే ఇదేం ఎక్కువ కాదు,” అంది. పిన్నీసుకు ఏడుపొచ్చినంత పనైంది.

డబ్బీ అందుకుంటూ ఆవిడ పీపా వైపు ఒక అడుగు ఎక్కువ వేసింది. పిస్టల్ చేతిలోంచి ఎగిరి ఠంగుమని పీపాకి అతుక్కుపోయింది. రెండు చేతులా లాగినా ఊడలేదు.

“బుద్ధుందా నీకు!” ఎర్ర టై అరిచాడు. “వదిలెయ్, మీట నొక్కి రా. హీలియం బయటికి పోయే కప్పు మీది పైపు మూసేశాం. యాక్సిడెంట్ అనుకుంటారు.”

ఆవిడ గోడ మీద, పీపాలోని హీలియాన్ని వదిలేసే ఎర్ర మీట నొక్కింది. వెళ్తూ వెళ్తూ నవ్వింది. “చలి తగ్గితే కత్తి ఒర వదిలేస్తుంది, మెకానిక్ గారూ!”

తలుపు మూసుకుంది. పీపా బుస కొట్టింది. తెల్లటి పొగ కప్పుకి తగిలి కిందికి దిగడం మొదలెట్టింది. పిన్నీసు తలుపు పట్టుకుని వేలాడాడు.

“దండగరా,” అంది అక్క. “అది లోపలికి తెరుచుకునే తలుపు. హీలియం ఉబ్బి లోపల్నించి నొక్కుతోంది. ఏనుగొచ్చి లాగినా రాదు. కూర్చో, గాలి కింద ఉంది.”

“కిటికీ?” అన్నాడు. హీలియం మింగిన గొంతు చిలక గొంతైపోయింది.

“గట్టి అద్దం. బరువైన ఇనుముతో కొట్టాలి. ఇనుము ఉంచొద్దని నేనే ఆర్డరేశాను కదా!” అక్క గొంతు ఇంకా సన్నం. నవ్వొచ్చే గొంతులతో ఇద్దరూ చచ్చేంత భయపడ్డారు. పొగ మెడదాకా దిగింది. గోడలు దగ్గరికి జరుగుతున్నట్టనిపించి పిన్నీసు కళ్ళు మూసుకున్నాడు. నేను పోయినా ఫర్వాలేదు, అక్క బతకాలి అనుకున్నాడు. ఆ వెంటనే, చలి తగ్గితే కత్తి ఒర వదిలేస్తుందన్న నల్లద్దాలావిడ మాట బుర్రలో మెదిలింది.

“అక్కా! కాయిల్‌కి చలి పోతే ఏమవుతుంది?”

“సూపర్ కండక్టివిటీ పోతుంది. కరెంటు చస్తుంది. కరెంటు చస్తే అయస్కాంతం...”

ఇద్దరూ ఒకేసారి పిస్టల్ వైపు చూశారు. పిన్నీసు చొక్కాని లాగిపెట్టుకున్న పిన్నీసు మెల్లగా వాలింది. ఇంకాస్త వాలింది. చివరికి బుద్ధిగా గుండెకి ఆనుకుంది. పిస్టల్ దభీమని కిందపడింది.

అతను ఊపిరి బిగబట్టి, దాని పిడితో అద్దాన్ని పొడిచాడు. మూడో దెబ్బకి పగిలింది. పొగ బయటికి తన్నుకుపోయింది. ముందు అక్కని నెట్టి తర్వాత తను దూకాడు. అప్పుడు చూస్తే పిస్టల్లో తూటాలే లేవు.

వరండా చివర ఎర్ర టై తన టైతోనే చేతులు కట్టించుకుని స్పృహ లేకుండా పడున్నాడు. నల్లద్దాలావిడ ఒక చెప్పు తొడుక్కుని, విరిగిన రెండో చెప్పు మడమని విచారంగా చూసుకుంటోంది. ఇత్తడి డబ్బీ అక్కకి అందించింది.

“ఇంతకీ మీరు ఎవరి మనిషి?” అన్నాడు పిన్నీసు, ఇంకా చిలక గొంతుతోనే.

“చలిని బట్టి,” అంది ఆవిడ.

ఆఫీసులో పెద్దాయన లిఫ్టు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. “రావోయ్! ఇంకో కేసుంది.”

“ఏ అంతస్తు సార్?” అని అడిగి, పిన్నీసు మెట్ల దారి పట్టాడు.